ఏటవతలి రేడియో

వెల్దుర్తి దగ్గర ఒక ఊళ్ళో వెంకటప్పయ్య అనే మిరప రైతుకు ఇరవై రెండేళ్ళ పాటు ఒక గట్టి నమ్మకం ఉండేది. తన ఇంట్లో రేడియోలో పొద్దుగూకాక వచ్చే ఒక స్టేషను కృష్ణకు అవతల, నల్గొండ వైపు ఎక్కడో ఉందని, అందులో మాట్లాడేది తెలుగేనని, కాకపోతే ఏటవతలి వాళ్ళ తెలుగు కాబట్టి కాస్త నమిలి మింగినట్టు వినపడుతుందని ఆయన నమ్మకం. మనిషికి నమ్మకాలుండటం తప్పు కాదు. దాన్ని ఆయన తనలోనే ఉంచుకుని ఉంటే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

నమ్మడానికి ఆయన దగ్గర ఆధారాలున్నాయి. రేడియో మీటను సన్నగా తిప్పి, లోపలి ముల్లును ఎర్రగీతకు వెంట్రుకవాసి ఇవతల నిలబెడితే, గరగర మధ్యలోంచి ఒక మగగొంతు గబగబా ఏదో చదివేది. అందులో 'చాయ్' అనే మాట వచ్చేది. 'దుకా' వచ్చేది, అంటే దుకాణం. 'వకీలి' వచ్చేది. 'జవాబు', 'దవా', 'సాబూని', 'చపాతి' వచ్చేవి. ఒకటి రెండుసార్లు 'బజాజి' కూడా వచ్చింది. ఇన్ని తెలిసిన మాటలు ఒకే నోట్లోంచి వస్తుంటే అది తెలుగు కాక మరేమవుతుంది? మిగిలిన మాటలు అర్థం కాకపోతే అది రేడియో తప్పు, బ్యాటరీల తప్పు, మబ్బుల తప్పు.

తెలిసిన మాటల్ని ఏరుకుని వెంకటప్పయ్య ఒక కథ అల్లాడు. అల్లానని ఆయనకు తెలియదు, విన్నాననే అనుకున్నాడు. ఒక వకీలు ఉన్నాడు, రోజూ దుకాణంలో చాయ్ తాగుతాడు. ఒకాయన భార్యకు జబ్బుచేస్తే బజాజి ఆటోలో పోయి దవా తెచ్చాడు. ఆ దవా వికటించింది. కేసయింది. సర్కారు జవాబివ్వడం లేదు. ఇంతే కథ. దీన్ని ఆయన టీకొట్టు దగ్గర ఇరవై రెండేళ్ళు నడిపాడు. వినేవాళ్ళకూ విసుగు రాలేదు. టీవీలో సీరియళ్ళు అంతకంటే నెమ్మదిగా నడుస్తున్న రోజులు కదా.

"ఏంది మావా, వకీలు నిన్నేమన్నా వాదిచ్చాడా?"

"వాదిచ్చలా. సబ్బు కొనుక్కొచ్చాడు, అంతే. రేపుంటది అసలు వాదన."

ఊరు మొత్తంలో ఈ రేడియోను నమ్మని మనిషి ఒక్కతే. ఆమె వెంకటప్పయ్య భార్య రామాయమ్మ.

"అది తెలుగు కాదయ్యా" అనేది ఆమె, చేటలో బియ్యం చెరుగుతూ.

"నీకేం తెలుసే! మీది రాజుపాలెం. ఏటి మొహం చూసినోళ్ళు కాదు మీరు."

వెంకటప్పయ్య మాత్రం ఏరు చూశాడు. పన్నెండో ఏట పడవలో అవతలికి పెళ్ళికి పోయి మూడు రోజులున్నాడు. మనం రాలా, పోలా అంటే అక్కడి వాళ్ళు రాలే, పోలే అంటారని ఆ మూడు రోజుల్లో తెలుసుకుని, దాన్ని జీవితాంతం పనికొచ్చే చదువుగా దాచుకున్నాడు. ఆ చదువే ఆయన్ని ముంచింది.

ఎందుకంటే ఆ స్టేషనులో ఒక పాట వచ్చేది. వారానికి ఒకసారో రెండుసార్లో, వార్తల్లాంటివి అయిపోయాక. గిటారు ఒకటి నీళ్ళు చిలికినట్టు తేలిగ్గా మోగేది, వెనక చిన్న డోలు. ఒక ఆడమనిషి నింపాదిగా పాడేది. మధ్యమధ్యలో ఆగి, చాలామంది కలిసి అందుకునే పల్లవి ఒకటుండేది. "పోలే... పోలే సానా... మామా."

వెంకటప్పయ్యకు ఇందులో అర్థం కాని మాట ఒక్కటీ లేదు. పోలే అంటే పోలేదు. సానా అంటే చానా. మామా అంటే మామే. అలిగి పుట్టింటికి బయల్దేరిన భార్య సగం దారిలో మనసు మార్చుకుని వెనక్కి వచ్చి, నేను పోలేదు మామా, అసలు పోలేదు, అని మొగుణ్ణి బతిమాలుకుంటోంది. ఇంత చక్కటి పాట ఏటివతల ఎవరూ కట్టలేదని ఆయన బాధపడేవాడు కూడా.

ఆ బాధకు ఇంట్లోనే కారణముంది. రామాయమ్మకు కోపం వస్తే రెండు చీరలు సంచిలో కుక్కుకుని "మా ఊరు పోతన్నా" అని బయల్దేరేది. బస్సు ఆగే చోటి దాకా పోయేది. అక్కడ నిలబడ్డాక బర్రెకు నీళ్ళు పెట్టలేదని గుర్తొచ్చేది, లేకపోతే కూతురు భార్గవి బడి నుంచి వచ్చే వేళయ్యేది. తిరిగొచ్చేది. గుమ్మంలో అడుగు పెట్టగానే మంచం మీద పడుకున్న మొగుడు పైకప్పు చూస్తూ రాగం తీసేవాడు. "పోలే... పోలే సానా..."

"ఆపుతావా ఆ బోడి పాట?"

"నేను పాడతన్నానా? రేడియోలోది. నువ్వు పోలేవని ఏటవతల వాళ్ళకి గూడా తెలుసు."

ఇరవై రెండేళ్ళలో ఈ పాట ఎన్నిసార్లు పాడి ఉంటాడో చెప్పడం కష్టం. పప్పు మాడితే పాడాడు. తన అన్న పెళ్ళానికీ రామాయమ్మకూ మాటొస్తే పాడాడు. రామాయమ్మకు జ్వరమొచ్చి మూడు రోజులు మంచం దిగకపోతే, పుట్టింటికి పోవాలనుకుని ఓపిక లేక ఆగిందని, అప్పుడూ పాడాడు. ఇలాంటి మనిషిని ఆమె అన్నేళ్ళు ఎలా భరించిందని నన్నడిగితే నేనేం చెప్పను? బర్రె ఉంది, బిడ్డ ఉంది, మిరపచేను ఉంది. భరించింది.

మూడేళ్ళ క్రితం ఒక సాయంత్రం ముల్లును ఎంత సవరించినా ఆ గొంతు రాలేదు. మర్నాడూ రాలేదు. పొడవు తీగ దూలానికి కట్టి, ఇంకో తీగ వేపచెట్టు మీదికి ఎక్కించి చూశాడు. గరగర వచ్చింది, చైనా వాళ్ళెవరో వచ్చారు, మనిషి రాలేదు. స్టేషను మూసేశారు. టీకొట్టు దగ్గర వకీలు కేసు అర్ధాంతరంగా ఆగిపోయింది. కొందరికి నిజంగానే బెంగగా ఉండేది.

ఈ ఏడు మార్చిలో అసలు సంగతి జరిగింది. కల్లంలో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. మధ్యాహ్నం మూడింటికి పడమట మబ్బు పట్టింది. ఇంకో పది నిమిషాల్లో వాన పడితే ఏడాది కష్టం బూజు పట్టిపోతుంది. ఇద్దరూ పరుగెత్తి కాయల మీదికి పట్టాలు లాగుతుంటే, రామాయమ్మ కాలు తాడులో చిక్కుకుని కాయల రాశి మీద బోర్లా పడింది. చెయ్యి కింద మడత పడింది. టప్పుమని శబ్దం వచ్చిందని పక్క కల్లం వాళ్ళు కూడా చెప్పారు.

వెంకటప్పయ్య తలెత్తి చూశాడు. చూసి, "కాయలన్నీ తొక్కావ్ గదే!" అన్నాడు.

అంతే అన్నాడు. ఇంకో మాట అనలేదు. మళ్ళీ పట్టా లాగడంలో పడ్డాడు. పక్క కల్లం ఆడవాళ్ళు రామాయమ్మను లేపి ఆటోలో మాచర్ల ఆస్పత్రికి తీసుకుపోయారు. మణికట్టు విరిగిందని కట్టు కట్టారు. వాన పడలేదు. నాలుగు చినుకులు రాలి మబ్బు చెదిరిపోయింది. వెంకటప్పయ్య మాత్రం మళ్ళీ వస్తుందేమోనని కల్లంలోనే కూర్చున్నాడు. ఆస్పత్రి నుంచి రామాయమ్మ ఇంటికి రాలేదు. తమ్ముడు కోటయ్యకు ఫోను చేసింది, అతను కారేసుకుని వచ్చాడు. అటునుంచి అటే రాజుపాలెం పోయింది. సంచి లేదు, రెండు చీరలు లేవు, కట్టుకున్న చీరతో పోయింది.

"నేను అమ్మకేం చెప్పను నాన్నా. నువ్వే పోయి తీసుకురా" అని నరసరావుపేట నుంచి భార్గవి ఫోనులో చెప్పి పెట్టేసింది.

నెల గడిచింది. వెంకటప్పయ్య వండుకోవడం నేర్చుకోలేదు, పోయి తీసుకురావడమూ నేర్చుకోలేదు. మంచం మీద పడుకుని ఆలోచించాడు. ఆలోచిస్తే ఆయనకు ఒక లెక్క తేలింది. పాట వచ్చినన్నాళ్ళూ రామాయమ్మ పోలేదు. పాట ఆగింది, మూడేళ్ళకు పోయింది. కాబట్టి పాట దొరికితే మనిషి తిరిగొస్తుంది. ఇందులో తప్పెక్కడుందో ఆయన్ని అడిగితే మీరే తికమకపడతారు. అంత నమ్మకంగా చెప్పేవాడు.

ఊళ్ళో ఫోను రీచార్జీలు, జిరాక్సులు, జాకెట్లు కుట్టడం, అన్నీ ఒకే గదిలో నడిపే జాహెదా దగ్గరికి పోయాడు. డిగ్రీ చదివిన పిల్ల, ఓపిక ఎక్కువ.

"అమ్మాయ్, ఏటవతలి పాటొకటి కావాలి. దాంతోటి మీ పెద్దమ్మ రావాలి."

"పాడు పెదనాన్నా" అంది జాహెదా, ఫోను ముందు పెట్టి.

వెంకటప్పయ్య పొలంలో అవతలి గట్టు మీది మనిషిని పిలిచినట్టు పాడాడు. జాకెట్టు కొలతలిస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు బయటికి పోయారు. పాట పేరు కనిపెట్టే యాప్ మొదటిసారి ఏమీ వినపడలేదంది. రెండోసారి బాగా ఆలోచించి, నిశ్శబ్దంగా ఉన్న చోట మళ్ళీ ప్రయత్నించమంది. జాహెదా మాత్రం పల్లవి దగ్గర సూది పక్కన పెట్టింది.

"ఇది తెలుగు కాదు పెదనాన్నా."

"మీ పెద్దమ్మ చెప్పిందా?"

"ఎవరూ చెప్పలా. ఉర్దూ కూడా కాదు. ఆ మాటలు మాకూ తెలిసినట్టే ఉండాయి గానీ, మనవి కావు."

పాతకాలపు రేడియో పాటలూ క్యాసెట్ పాటలూ పోగుచేసి ఒకరికొకరు పంపుకునే వాళ్ళ గుంపొకటి ఇంటర్నెట్లో ఉందని ఆమెకు తెలుసు. వెంకటప్పయ్య గొంతును అందులో పెట్టి, కింద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసింది. ఈయన మా ఊరి మిరప రైతు, ఈ పాట ఇరవై రెండేళ్ళు రేడియోలో విన్నారు, భార్య అలిగి పుట్టింటికి పోయింది, పాట దొరికితే వస్తుందని ఆయన నమ్మకం, ఎవరికైనా తెలిస్తే చెప్పండి, అని.

మర్నాటికి లోకమంతా వచ్చి పడింది. మాలి దేశం నుంచి ఒక డాక్టరు, ఇది మా అమ్మమ్మ జోలపాట అని, ఇరవై ఒక్క తీగల వాద్యం మీద వాయించినదొకటి పంపాడు. బ్రెజిల్ నుంచి ఒకడు ఇది మా ఫుట్‌బాల్ జట్టు పాట, సందేహమే లేదన్నాడు. కాంగో నుంచి ఒకాయన గిటారు పాటలు వరసగా తొమ్మిది పంపి, ఇందులో ఏదో ఒకటి అయి ఉంటుందిలే అన్నాడు. లండన్‌లో ఎవరో వెంకటప్పయ్య గొంతు కింద డోళ్ళు పెట్టి కొత్త పాటే చేశారు. పాడుతూ మధ్యలో ఆయన దగ్గాడు, ఆ దగ్గు మీదే దరువు వేశారు. దానికి ఎక్కడెక్కడి వాళ్ళో గంతులేస్తూ వీడియోలు పెట్టారు.

ఫిన్లాండ్ నుంచి ఒక పంతులమ్మ మాత్రం, "పాట సంగతి తరవాత. ఆవిడ వచ్చిందా?" అని అడిగింది.

దాంతో అందరూ అదే అడగడం మొదలుపెట్టారు. పొద్దున్నే జాహెదా కొట్టు తెరిచేసరికి నలభై యాభై దేశాల నుంచి ఒకటే ప్రశ్న. వచ్చిందా? వెంకటప్పయ్య టీ తాగి వచ్చి కుర్చీలో కూర్చునేవాడు. "ఏమన్నారమ్మాయ్?" "వచ్చిందా అంటన్నారు." "రాలేదని రాయి." ఆమె రాసేది. ఇది రోజూ జరిగే పనయింది.

అన్నిటికంటే వింత ఏమిటంటే, ఆ పాటలు ఆయనకు నచ్చాయి. మాలి వాళ్ళ తీగలు రేకుల మీద సన్నటి వాన పడ్డట్టున్నాయన్నాడు. కాంగో గిటార్లు కల్లంలో పెట్టుకుని, రంగు పోయిన తాలుకాయలు ఏరాడు. సముద్రం మధ్య ఏదో దీవిలో ఒక ముసలావిడ పాడింది వింటూ కళ్ళు తుడుచుకుని, కారం కళ్ళలో పడిందన్నాడు. కూలికి వచ్చిన వాళ్ళు సినిమా పాటలు పెట్టమంటే ఒప్పుకోలేదు. ప్రతి పాటలోనూ ఆయనకు ఎక్కడో ఒకచోట తెలుగు దొరికేది. ఏటవతల చాలా దూరం ఉన్నట్టుందే, అని ఒకసారి ఒప్పుకున్నాడు. అంతకుమించి ఒప్పుకోలేదు.

నచ్చిన పాటల్నల్లా జాహెదా చేత రాజుపాలెంలో కోటయ్య ఫోనుకు పంపించాడు. పదిహేడు పాటలయ్యాక అటునుంచి రామాయమ్మ గొంతే వచ్చింది. నెల తర్వాత ఆ గొంతు వినడం అదే మొదలు. వెంకటప్పయ్య లేచి నిలబడి విన్నాడు.

"జాహెదా, మీ పెదనాన్నకి చెప్పు తల్లీ. ఈ గోల ఇంక పంపొద్దను. పోలే, పోలే అని ఊరికే పాడిచ్చేది గాదు. ఆ రోజు ఆస్పత్రికి ఎవరు పోలేదో ఆ పాడేవాళ్ళనే అడగమను."

కొట్లో కుట్టుమిషను ఆగింది. వెంకటప్పయ్య బయటికి నడిచాడు. చెప్పులు మర్చిపోయి మళ్ళీ వచ్చి తొడుక్కున్నాడు. మూడు రోజులు కొట్టు వైపు రాలేదు. ప్రపంచం అడుగుతూనే ఉంది. నాలుగో రోజు జాహెదాయే ఆయన ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"పెదనాన్నా! దొరికింది!"

పంపినాయన పేరు జుమా. ఆఫ్రికాకు తూర్పున టాంజానియా దేశంలో, సముద్రం పక్కన టాంగా అనే ఊళ్ళో ఉంటాడు. ఆటో నడుపుతాడు. అక్కడ ఆటోను బజాజి అంటారట.

"చెప్పలా? బజాజి ఉందని నేను చెప్పలా!" అని వెంకటప్పయ్య మంచం మీద కొట్టాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన చెప్పింది ఒక్కటి నిజమైంది, ఆ మాత్రం సంబరం ఉండదా.

జుమా వాళ్ళమ్మ దగ్గర పాత క్యాసెట్ల పెట్టె ఉంది. పల్లవి వినగానే ఆవిడ లేచి పెట్టె తెరిచిందట. జాహెదా ఫోను నొక్కింది. గిటారు వచ్చింది. డోలు వచ్చింది. ఆ ఆడగొంతు, అదే నింపాది, గరగర లేకుండా, పక్కింట్లో కూర్చుని పాడుతున్నట్టు వచ్చింది. పోలే... పోలే సానా... మామా. వెంకటప్పయ్య మూడేళ్ళకు తిరిగొచ్చిన చుట్టాన్ని చూసినట్టు ఆ ఫోనునే చూస్తూ కూర్చున్నాడు.

పాటయ్యాక, "అర్థం కూడా చెప్పాడు" అంది జాహెదా. ఎందుకో నేల చూస్తూ చెప్పింది.

"దానికి అర్థమెందుకు? నాకు తెలియదా?"

"తెలియదు పెదనాన్నా. అది స్వాహిలి భాష. పోలే అంటే పోలేదని గాదు."

వెంకటప్పయ్య ఫోను వంక అనుమానంగా చూశాడు.

"సానా అంటే చానాయే. అది నువ్వన్నదే. మామా అంటే అమ్మా అని, ఏ ఆడమనిషినైనా పిలిచేది. పోలే అంటే... అక్కడ ఎవరన్నా కాలు జారి పడితే, పక్కనున్న వాళ్ళు అంటారంట. జ్వరమొస్తే అంటారంట. బరువు మోసుకుపోతంటే, ఇంట్లో మనిషి పోతే, ఊరికే అలిసిపోయి కనపడినా అంటారంట. మన తప్పు ఉండాల్సిన పనిలా. క్షమించమని గాదు. అయ్యో, అని. నీకు దెబ్బ తగిలింది, నేను చూశాను, అని."

"పడితే అంటారా?"

"పడితే ముందు అదే అంటారంట."

పాటలో ఒక ఆడమనిషి పొద్దంతా పనిచేసి, నెత్తిన బరువుతో ఇంటికొస్తుంటే, దారిలో కనపడిన ప్రతివాళ్ళూ ఆమెకు ఆ మాట చెబుతారు. ఇంటికి చేరాక మొగుడు ఒక్కడే చెప్పడు. అదీ పాట. వెంకటప్పయ్య దాన్ని మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. మూడోసారి సగంలో, "ఆపమ్మా" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే చొక్కా మార్చుకుని మాచర్ల పోయి సత్తెనపల్లి వైపు బస్సెక్కాడు. జాహెదా పాటను ఆయన ఫోనులో వేసి, ఏ బొమ్మ నొక్కితే మోగుతుందో నాలుగుసార్లు నేర్పింది. ప్రపంచానికి మాత్రం, "పోయాడు" అని రాసింది.

పిడుగురాళ్ళ దాటేలోపే వెంకటప్పయ్యకు ధైర్యం వచ్చేసింది. ఆలోచించగా ఆలోచించగా ఇందులో తనకు అనుకూలమైన పాయింటొకటి కనపడింది. ఆయన అలాంటి మనిషి. ఏ కష్టంలోనైనా తనది పైచేయి అయ్యే దారి వెతుక్కుంటాడు. దాన్ని దారిపొడుగునా నోట్లో తిప్పుకుంటూ రాజుపాలెంలో దిగాడు.

రామాయమ్మ తమ్ముడింటి వరండాలో నులకమంచం మీద కూర్చుని ఉంది. కట్టు తీసేశారు. రెండు చేతులూ కొంగు కింద ఒళ్ళో పెట్టుకుని ఉంది. కాస్త చిక్కింది. మొగుణ్ణి చూసి లేవలేదు, లోపలికీ పోలేదు.

"రా బావా" అన్నాడు కోటయ్య. కుర్చీ వేసి, ఏదో పనున్నట్టు పెరట్లోకి పోయాడు. అక్కడినుంచి వింటున్నాడని ఇద్దరికీ తెలుసు.

వెంకటప్పయ్య ఫోను తీసి నొక్కాడు. ముందు వేరే పాటేదో మోగింది, లండన్ వాళ్ళు దగ్గు మీద దరువు వేసినది. కంగారుగా ఆపి ఇంకోటి నొక్కాడు. ఈసారి సరైన పాట వచ్చింది. రామాయమ్మ మొహం గట్టిపడింది.

"ఇంత దూరం ఇది వినిపియ్యటానికొచ్చావా? పోలేదా? నేను వచ్చి నెలన్నరయింది. నీ పాటకి కళ్ళు లేవా?"

"అది గాదే. దానర్థం అది గాదంట. నువ్వన్నదే నిజం, అది తెలుగు గాదు. స్వాహిలి." ఆ మాట పలకడానికి ఆయన నాలుక రెండుసార్లు తడబడింది. "పోలే అంటే, అయ్యో అని. ఎవరికన్నా దెబ్బ తగిలితే అనేది. చూశావా మరి! ఇరవై రెండేళ్ళనించి నీకు నేను అయ్యో అంటానే ఉండా. పప్పు మాడితే అన్నా. జ్వరమొస్తే అన్నా. అన్నానా లేదా?"

బస్సులో తేలిన పాయింటు ఇదే. చెప్పేసి వెంకటప్పయ్య గెలిచినవాడిలా చూశాడు.

పాట ఇంకా మోగుతోంది.

"తెలిసి అన్నావా?" అంది రామాయమ్మ.

వెంకటప్పయ్య ఫోనును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"తెలిసి అన్నావా అంటన్నా. తెలియకుండా అంటే మైకు అన్నట్టే. మైకుతో నేను కాపరం చెయ్యలా." ఆమె గొంతు పెరగలేదు. "ఆ రోజు ఎముక విరిగింది నాకు. నీకు కాయలు కనపడినయ్."

"సారీ" అన్నాడు వెంకటప్పయ్య.

"సారీ బస్సులో కాలు తొక్కినోళ్ళు చెప్తారు."

పాట అయిపోయింది. ఫోను వెలుగు ఆరింది. వెంకటప్పయ్య కుర్చీలోంచి లేచాడు. వెళ్ళిపోతాడేమో అనుకుంది రామాయమ్మ. ఆయన వచ్చి మంచం పట్టె మీద, ఆమెకు మూరెడు దూరంలో కూర్చున్నాడు. కూర్చున్నాక ఏం చెయ్యాలో ఆయనకు తెలియలేదు. ముప్పై నాలుగేళ్ళ కాపరంలో అలా ఊరికే పక్కన కూర్చున్న గుర్తు లేదు. సిగ్గేసింది. భయమూ వేసింది, ఈ మనిషి ఇంక రాదేమోనని. ఆ భయంలో ఆయనకు పాయింట్లన్నీ పోయాయి.

"చెయ్యి నొప్పిగా ఉందా?" అన్నాడు.

రామాయమ్మ తల తిప్పి చూసింది. అడిగింది ఈయనేనా అన్నట్టు చూసింది.

"ఉంది" అంది. "రాత్రిళ్ళు లాగుద్ది. చెంబు ఎత్తలేను."

వెంకటప్పయ్య ఆమె కొంగు కింది నుంచి చెయ్యి తీసి, రెండు చేతులతో పట్టుకుని, మణికట్టు దగ్గర నెమ్మదిగా, చాలా జాగ్రత్తగా నిమరడం మొదలుపెట్టాడు.

రామాయమ్మ కాసేపు చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వూ వచ్చింది.

"అది గాదయ్యా" అని, ఆ చెయ్యి వెనక్కి తీసుకుని, విరిగిన చెయ్యి ఆయన చేతుల్లో పెట్టింది.